నిద్రమాత్రను వదలిన కథ



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచినది ఒక మందు చరిత్ర. రాజుల చరిత్ర గాదు. యుద్ధముల చరిత్ర గాదు. మన యిండ్లలో పెద్దవారి తలగడ క్రిందను, కండ్లజోడు పెట్టెలోను, చీరకొంగు ముడిలోను దాగియుండు చిన్న మాత్ర యొక్క చరిత్ర. దానిని నిద్రమాత్ర యని కొందఱు, నరముల మాత్ర యని కొందఱు పిలుచుచుందురు. ఏల వేసికొనుచున్నారో మఱచిపోయి వేసికొనువారును గలరు.

నేను వైద్యుడను గాను. పాఠశాలలో చరిత్ర బోధించి విశ్రాంతి గైకొనినవాడను. ఈ విషయమున నాకు శ్రద్ధ కలిగినది నేను చేసిన యొక తప్పు వలన. దానిని ముందుగా చెప్పుట న్యాయము.

మా బావగారు పోయిన యేడు మా అక్కగారికి నిద్ర పట్టకపోగా, పట్టణమున నొక వైద్యుడు పదునైదు దినములకు మాత్రలు వ్రాసి యిచ్చెను. ఆ పదునైదు దినములు ఎనిమిదేండ్లయినవి. చీటీ నలిగి అక్షరములు చెరిగిపోయినను దుకాణమువారు మాత్రలు ఇచ్చుచునే యుండిరి. రాత్రి కొక్కటి యన్నది మూడయ్యెను. కూర్చున్నచోటనే కునికిపాట్లు, మాట మధ్యలో మఱపు, ఒకనాడు పెరటిలో కాలు తడబడి పడి మణికట్టు విఱుగుట. ఇవన్నియు వార్ధక్యలక్షణములని యనుకొంటిమి. ఆ మాత్రలే కారణమని యెవరో చెప్పగా, నేను కోపముతో డబ్బాలోని మాత్రలన్నియు తీసికొనిపోయి పెంటకుప్పలో పాఱవేసితిని. “అక్కయ్యా, మనసు గట్టిచేసుకో. మాత్రలు లేకుండా లోకమంతా నిద్రపోవడం లేదా?” అంటిని. ఆమె యేమియు అనలేదు.

రెండవనాటి రాత్రికి ఆమె చేతులు వణకజొచ్చెను. మూడవనాడు గోడమీద చీమలు ప్రాకుచున్నవని లేని చీమలను చీపురుతో ఊడ్చుచుండెను. నాలుగవనాటి తెల్లవాఱుజామున మూర్ఛవచ్చి మంచముమీదనుండి క్రింద పడెను. ఆసుపత్రిలో నొక యువవైద్యురాలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న: “మాత్రలు ఎవరు ఆపించారు?”

నేను తల వంచుకొంటిని. అక్కగారు బ్రతికి బయటపడెను గనుక ఈ కథ నేడు మీకు చెప్పగలుగుచున్నాను. నావంటి తప్పు నాకంటె ముందు ఎందఱు చేసిరో, వారిలో గొప్ప వైద్యులు సైత మెందఱుండిరో తరువాత చదివి తెలిసికొంటిని. ఆ చరిత్రయే ఇది.

నిద్ర పట్టనివారికి పూర్వకాలమున నల్లమందే గతి. 1857వ సంవత్సరమున లండను నగరమందలి చార్లెస్ లోకాక్ అను వైద్యుడు బ్రోమైడు అను లవణము మూర్ఛరోగమునకు పనిచేయునని చెప్పెను. తరువాత దానిని నిద్రకును, మనసు నెమ్మదికిని విరివిగా వాడిరి. 1832లో జర్మనీ దేశీయుడగు లీబిగ్ పండితుడు క్లోరల్ అను పదార్థమును చేసియుండెను. దాని నుండి వచ్చు క్లోరల్ హైడ్రేటు నిద్ర తెప్పించునని 1869లో బెర్లినులో ఆస్కార్ లీబ్రైఖ్ కనుగొనెను. ఈ క్లోరల్ హైడ్రేటు పేరు కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. మన తెలుగు పల్లెల కథలో అది మరల వచ్చును.

1903లో ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మేరింగ్ అను నిరువురు జర్మను శాస్త్రజ్ఞులు వెరొనాల్ అను నిద్రమందును లోకమునకిచ్చిరి. 1912లో లూమినాల్ వచ్చెను. బార్బిట్యురేటు లనబడు ఈ జాతి మందులు అర్ధశతాబ్ది కాలము ఏలినవి. చరిత్ర చదువువానికి ఇచ్చట నొక విచిత్రము కానవచ్చును. ప్రతి క్రొత్త మందును పాత మందునందలి దోషము తనయందు లేదని చెప్పుకొనుచునే వచ్చినది. అది ఉన్నదని తెలియుటకు ఒక తరము పట్టినది. అంతలో మఱియొక క్రొత్త మందు సిద్ధమైనది.

బార్బిట్యురేటులు మానినవారికి వణకు, మూర్ఛలు వచ్చుట వైద్యులు చూచుచునే యుండిరి. కాని అది రోగి బలహీనతయని, ముందునుండియున్న జబ్బు బయటపడుటయని వాదించువారు పలువురు. ఈ వాదమును తెగగొట్టినది అమెరికాలో లెక్సింగ్టను అను ఊరి ప్రభుత్వాసుపత్రి. అచ్చట హారిస్ ఇస్బెల్ అను వైద్యుడును, అతని తోడివారును అయిదుగురు ఖైదీలకు నెలల తరబడి ఈ మందిచ్చి, పిమ్మట ఒక్కసారిగా ఆపి, జరిగినదంతయు వ్రాసికొని 1950లో ప్రకటించిరి. ఆపిన కొలది దినములలోనే మూర్ఛలును, సన్నిపాతమువంటి భ్రమలును కలిగినవి. బంధనముననున్న మనుష్యులపై ఇట్టి పరీక్ష చేయుట ధర్మమా యని నేడు అడుగుదురు, అడుగవలసినదే. కాని వారు పడిన బాధ వలన ఒక సత్యము స్థిరపడెను. మాత్ర మానునప్పుడు కలుగు కష్టము మనోదౌర్బల్యము గాదు, శరీరధర్మము. మా అక్కగారికి నేను చేసిన ధైర్యబోధకు సమాధానము నేను పుట్టకమునుపే అచ్చయి యుండెనన్నమాట.

ఇంతలో మఱియొక జాతి మందులు వచ్చినవి. లియో స్టెర్న్‌బాఖ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1908లో ఆనాటి ఆస్ట్రియా–హంగరీ రాజ్యమున జన్మించిన యూదుడు. హిట్లరు కాలమున, 1941లో, యూరపు విడిచి అమెరికా చేరి, న్యూజెర్సీ రాష్ట్రమందలి నట్లీ యను ఊర హాఫ్‌మన్–లా రోష్ సంస్థలో పనిచేయుచుండెను. నెమ్మదినిచ్చు మందు కొఱకు ఆయన చేసిన పదార్థములు ఫలింపలేదు. వానిలో నొకటి పరీక్షింపబడకయే బల్లమీద మూలబడియుండెను. 1957లో ప్రయోగశాల శుభ్రము చేయుచుండగా ఎర్ల్ రీడర్ అను సహచరుడు దానిని చూపి, దీనినిగూడ పరీక్షకు పంపుదమా యని యడిగెను. పంపిరి. అది 1960లో లిబ్రియం అను పేర అంగడి కెక్కెను. దాని తమ్ముడు వాలియం 1963లో వచ్చెను. 1978వ సంవత్సర మొక్కదానిలోనే వాలియం మాత్రలు 200 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. ఊడ్చి పాఱవేయవలసిన సీసాలోనుండి ఇంత వ్యాపారము బయలుదేఱినది. మా అక్కగారు వేసికొనిన ఆల్ప్రజోలాం 1981లో అమెరికా అంగళ్లకు వచ్చినది. అదియు ఈ కుటుంబములోనిదే. బెంజోడయజెపీనులని ఈ కుటుంబము పేరు.

వీని విషయమున ఒక న్యాయము చెప్పవలెను. బార్బిట్యురేటులు మోతాదు మించిన ప్రాణము తీయుట సులభము. ఇవి ఒంటరిగా తీసికొనినప్పుడు అంతటి ప్రమాదకరములు గావు. మూర్ఛ ఆపుటకును, శస్త్రచికిత్సకు ముందును ఇవి నేటికిని అమూల్యములు. కొలది దినముల ఆపదకు కొలది దినముల మందుగా ఇవి మంచివే. కొలది దినములు ఏండ్లగుటయే చిక్కు.

ఆ చిక్కు ఆదిలోనే తెలిసినది. 1961లో, అనగా లిబ్రియం పుట్టిన మఱుసటి యేడే, లియో హాలిస్టర్ అను అమెరికా వైద్యుడును అతని తోడివారును పెద్ద మోతాదులో దానిని వాడుచున్న 11 మంది రోగులకు ఒక్కసారిగా ఆపి చూచిరి. పదిమందికి క్రొత్త బాధలు కలిగినవి. ఇద్దఱకు మూర్ఛలు వచ్చినవి. అది పెద్ద మోతాదు మాట, మన రోగులకు వర్తింపదని లోకము ఊరకుండెను. 1979లో బార్బరా గోర్డన్ అను టెలివిజను నిర్మాత తన కథ గ్రంథముగా వ్రాసెను. వైద్యుని మాటమీద వాలియము ఒక్కసారిగా మానివేసి ఆమె మతి చెడి ఆసుపత్రి పాలయ్యెను. ఆ యేడే అమెరికా శాసనసభలో ఎడ్వర్డు కెన్నెడీ అధ్యక్షతన ఈ మందులపై విచారణ జరిగెను. 1981లో లండనులో పెటర్సన్, మాల్కం లేడర్ అను వైద్యులు 16 మంది రోగులను పరిశీలించి, వైద్యుడు చెప్పిన సామాన్యపు మోతాదు దాటనివారికి సైతము మానునప్పుడు ఈ బాధలు కలుగునని నిర్ధారించిరి. 1988లో బ్రిటను దేశపు ఔషధభద్రతా సమితి ఈ మందులు రెండు నాలుగు వారములకు మించి యియ్యరాదని సలహా చెప్పెను. లిబ్రియం వచ్చి అప్పటికి 28 ఏండ్లు.

శరీరమున జరుగునదేమి? 1977లో డెన్మార్కు, స్విట్జర్లండు దేశములలో ఈ మాత్ర మెదడునందు తగులుకొను స్థానమును కనుగొనిరి. మెదడునందు గాబా యను పదార్థ మొకటి గలదు. అది పరుగెత్తు నాడులకు కళ్ళెము వంటిది. ఈ మాత్ర ఆ కళ్ళెమును మఱింత బిగించును. మనమందఱము ఏతము చూచినవారమే. వాసమునకు ఒకవైపున బాన, రెండవవైపున బరువు. రెండును సరితూగినగాని పని జరుగదు. ప్రతిదినము మాత్ర యను బరువు ఒకవైపున పడుచుండగా, దేహము దానికి సరితూగ రెండవవైపున తన బరువును పెంచుకొనుచు పోవును. అందుకే మొదటి మోతాదు కొన్నాళ్ళకు చాలదు. ఇక మాత్రను ఒక్కసారిగా తీసివేసిన ఏతము ఎగిరి మొగమునకు కొట్టును. వణకు, చెమటలు, నిద్రలేమి, చెవులలో హోరు, గుండెదడ, కడకు మూర్ఛ, ఇవి యా దెబ్బ. ఈవైపు బరువు పిడికెడు పిడికెడుగా తీసిన, ఆవైపున దేహముకూడ పిడికెడు పిడికెడుగా తీసికొనును.

ఈ పిడికెడు పద్ధతిని ఓపికతో నేర్చినది హీథర్ ఆష్టన్ అను వైద్యురాలు. ఇంగ్లండునందలి న్యూకాసిల్ నగరమున 1982 మొదలు 1994 వఱకు ఈ మాత్రలు మానగోరువారి కొఱకే ఒక చికిత్సాలయము నడపెను. సుమారు 300 మంది ఆమెయొద్దకు వచ్చిరి. ఆమె చేసిన పెద్దపని వారు చెప్పినది నమ్ముట. అంతకుముందు వారిలో పలువురిని పిచ్చివారని, నటించుచున్నారని వైద్యులు త్రోసివేసియుండిరి. తగ్గించుట ఎంత మెల్లగా జరుగవలెనో రోగియే నిర్ణయింపవచ్చునని ఆమె చెప్పెను. 1999లో ఆమె వ్రాసిన చిన్న గ్రంథము నేటికిని లోకమంతట చదువుచున్నారు. ఆమె 2019లో గతించెను. 2025లో అమెరికా వైద్యసంఘములు కొన్ని కలిసి ప్రకటించిన సూత్రములును ఆ త్రోవలోనివే: రెండు నాలుగు వారములకొకసారి నూటికి 5 మొదలు 10 పాళ్ళు తగ్గించుటతో ఆరంభింపుడు, రోగి యెట్లున్నాడో చూచి మున్ముందునకు నడువుడు అని.

ఇంతవఱకు దేహము కథ. కాని ఎంత మెల్లగా తగ్గించినను, రాత్రి పదిగంటలకు మాత్ర సగమే వేసికొని పండుకొనినవానికి గుండె కొంచెము దడదడలాడిన “అయ్యో, మొదలైనది, ఇక ఈ రాత్రి గడవదు” అన్న భయము కలుగును. ఆ భయమున గుండె మఱింత కొట్టుకొనును. చేయి తనంతట తానే మాత్రకై పోవును. పిడికెడు పద్ధతి ఇచ్చట ఓడిపోవుచుండును. ఈ రెండవ చిక్కునకు త్రోవ చూపినవారి చరిత్ర వేఱు. వారు మాత్రలను గూర్చి పనిచేసినవారు గారు, భయమును గూర్చి పనిచేసినవారు.

జపాను దేశమున మొరితా షోమా అను వైద్యుడు 1874 మొదలు 1938 వఱకు జీవించెను. విద్యార్థిగా నున్నప్పుడు ఆయనకు గుండెదడ, తలనొప్పి, నీరసము. ఎన్నో మందులు త్రాగుచుండెడివాడు. ఒకమాఱు తండ్రి సకాలమున డబ్బు పంపలేదు. ఆ రోషమున మందులు కట్టిపెట్టి, ఏమైన కానిమ్మని పరీక్షకు చదువసాగెను. బాధల సంగతి మఱచెను. పరీక్షలో చక్కగ నెగ్గెను. ఆయన త్రాగినవి మన మాత్రలవంటివి గావు సుమా! ఆ రోషము ఈ మాత్రలయెడ చూపరాదు. కాని ఆ యనుభవము నుండి ఆయన 1919 ప్రాంతమున ఒక చికిత్సను నిర్మించెను. వచ్చిన భయమును రానిచ్చి, ఉన్నదానిని ఉన్నట్లు చూచుచు, చేయవలసిన పని చేయుట దాని సారము. జపాను భాషలో ‘అరుగమామ’ అందురు.

ఆస్ట్రేలియాలో క్లేర్ వీక్స్ అను నామె 1903లో సిడ్నీ నగరమున పుట్టెను. మొదట జంతుశాస్త్రము చదివి బల్లులపై పరిశోధనలు చేసినది. యౌవనమున ఆమెకు క్షయయని వైద్యులు పొరపాటున చెప్పగా, ఆ భయమున గుండెదడ పట్టుకొని విడువదాయెను. మొదటి ప్రపంచయుద్ధమున సిపాయిగా పనిచేసి వచ్చిన మిత్రుడొకడు ఆమె మాట విని, కందకములలో మాకును గుండె ఇట్లే కొట్టుకొనుచుండెను, నీవు దానికి భయపడుచున్నావు గనుక అది పోకున్నది యని తేలికగా చెప్పెను. పెద్దవైద్యులు చేయలేని పని ఆ మాట చేసినది. ఆమె తరువాత వైద్యము చదివి, 1962లో నరముల బాధపడువారి కొఱకు ఒక గ్రంథము వ్రాసెను. భయములు రెండని ఆమె చెప్పెను. మొదటిది దేహమున తనంతట పుట్టునది, మెఱుపు వంటిది. రెండవది, దానిని చూచి మనము చేర్చునది. మొదటిదానిని ఆపుట మన చేతిలో లేదు. రెండవదే దానిని బ్రతికించుచున్నది. ఎదురుగా నిలువుము, రానిమ్ము, నీటిపై తేలునట్లు తేలుము, కాలమునకు కాలమిమ్ము అని నాలుగు మాటలుగా ఆమె బోధించెను.

మూడవవాడు అమెరికాలోని స్టీవెన్ హేస్. ఆయన మనశ్శాస్త్ర పండితుడు. 1978లో ఒకనాడు తోటి ఆచార్యుల సభలో మాటలాడబోయి, భయము పైకొని గొంతు పెగలక నిలువబడిపోయెను. ఆ భయముతో ఆయన చాలకాలము పోరాడెను. పోరాడినకొలదియు అది పెరిగెను. తన యనుభవమును, తన శాస్త్రమును కలిపి ఆయన కట్టిన పద్ధతిని 1999లో ఇద్దఱు తోడివారితో కలిసి గ్రంథముగా వెలువరించెను. దానిని ఇంగ్లీషున ‘ఏక్ట్’ అందురు. తెలుగున అంగీకారచికిత్స యనవచ్చును. ఊబిలో దిగబడినవాడు కాళ్ళు కొట్టుకొనినకొలది లోతునకు పోవును. వెల్లకిల పఱచుకొని ఊబి మీద ఒడలంతయు ఆనించినచో తేలును. ఆ పోలికను ఈ పద్ధతివారు తఱచుగ చెప్పుదురు. ఊబి యెఱిగిన మన పల్లెవారికి దానికి వ్యాఖ్యానము అక్కఱలేదు.

అంగీకారము అనగానే మన పెద్దలు కర్మయని యూరకుండుట యనుకొందురేమో, అది గాదు. మాత్రకు దాస్యము అంగీకరించుటయు గాదు. ఈ క్షణమున దేహమున నున్న వణకును, దడను తఱుమకుండ ఉండనిచ్చి, ‘ఈ రాత్రి చచ్చిపోదును’ అను తలంపు వచ్చినప్పుడు ‘ఈ రాత్రి చచ్చిపోదునను తలంపు నాకు వచ్చినది’ అని చూచి, ఆమీద తన కేది ముఖ్యమో ఆ పని వైపునకు ఒక యడుగు వేయుట. ఈ మూడవ భాగమే నాకు గొప్పగా తోచుచున్నది. ఎందుకొఱకు మానుచున్నాడో తెలియనివాడు బాధ నెందుకు ఓర్చుకొనును?

పరీక్షలలో ఇది నిలిచినదా? చరిత్రకారుడు ప్రశంసతో ఆగరాదు గనుక చెప్పుచున్నాను. మెథడోన్ అను నల్లమందుజాతి మందును మానగోరు 56 మందిపై అమెరికాలో జరిగిన పరీక్ష 2012లో అచ్చయినది. ఆరునెలలలో, అంగీకారచికిత్స పొందినవారిలో నూటికి 37గురు పూర్తిగా మానగలిగిరి. సామాన్యమగు సలహాలు పొందినవారిలో 19గురు. మానుటను గూర్చిన భయమును మొదటివారికే ఎక్కువగ తగ్గెను. చిన్న పరీక్ష; దానిమీద కోట కట్టరాదు. నిద్రమాత్రల విషయమున గట్టి పరీక్ష దీని యన్నగారగు వేఱొక మనశ్చికిత్సపై కెనడాలో జరిగి 2004లో వెలువడెను. నిద్రలేమిగల 76 మంది పెద్దవారిలో, వైద్యుని యాజమాన్యమున మాత్ర తగ్గించుటతోపాటు తలంపులను, అలవాట్లను సవరించు చికిత్సగూడ పొందినవారు నూటికి 85గురు మానిరి. కేవలము తగ్గించుకొనినవారు 48గురు. దేహమునకు పిడికెడు పద్ధతియు, మనసునకు వేఱొక తోడును, రెండును కలిసిననే పని జరుగునని నాకు దీనివలన తోచినది. 2014లో ఆ దేశముననే ప్రచురింపబడిన మఱియొక పరీక్షలో 65 ఏండ్లు దాటినవారికి ఈ మాత్రల సంగతియు, మెల్లగా మాను విధమును తెలుపు చిన్న పుస్తక మొకటి యిచ్చిరి. ఆరు మాసములలో పుస్తకము పొందినవారిలో నూటికి 27గురు మానిరి, పొందనివారిలో 5గురే. అక్షరము వచ్చిన వృద్ధులు తక్కువవారు గారు!

ఇక మన ప్రాంతపు మాట. క్లోరల్ హైడ్రేటును జ్ఞాపకముంచుకొనుడని యంటిని. బెర్లినులో పుట్టిన ఆ మందు తెలంగాణమున కల్తీకల్లు కుండలలో చేరినది. దానికి డయజెపాం, ఆల్ప్రజోలాం తోడైనవి. కల్లు త్రాగుచున్నామనుకొనినవారు ఏండ్ల తరబడి వైద్యుని చీటీ లేని నిద్రమందు త్రాగుచుండిరి. 2015లో ప్రభుత్వమువారు కల్తీకల్లుపై గట్టిచర్య తీసికొనగా, నిజామాబాదు, మహబూబునగరము మొదలగు జిల్లాలలో కల్లు దొరకక జనులు వణకుచు, మూర్ఛిల్లుచు, లేనిపోనివి మాటలాడుచు ఆసుపత్రులకు వచ్చిరి. కొందఱు మరణించిరనియు వార్తలు వచ్చినవి. కల్తీని ఆపుట తప్పని యెవరందురు? కాని ఒక్కసారిగా ఆగినప్పుడు ఏమగునో 1950లోనే తెలిసియుండెను. నేను పెంటకుప్పలో పాఱవేసిన మాత్రల కథయే జిల్లాల ప్రమాణమున జరిగినది. దుకాణముల విషయమున 2014 మార్చి 1 నుండి మన దేశమున ‘హెచ్–1’ అను పట్టిక అమలులోనికి వచ్చినది. అందున్న మందులు వైద్యుని చీటీపైననే అమ్మవలెను. కొనినవారి పేరు, వ్రాసిన వైద్యుని పేరు పుస్తకమున వ్రాసి మూడేండ్లు దాచవలెను. ఆల్ప్రజోలాం అందున్నది.

అక్కగారి కథ ముగింపవలసియున్నది. ఆసుపత్రిలో ఆమెకు మాత్రలు మరల మొదలుపెట్టిరి. నేను విస్తుపోతిని. ఆ యువవైద్యురాలు కాగితముమీద మెట్లు గీచి చూపెను. మూడవ మెట్టు నుండి నేలకు దూకిన కాలు విఱుగును, ఒక్కొక్క మెట్టు దిగుదమనెను. మెట్టుకు మూడు వారములు. ఎన్నడైన మెట్టు కష్టమైన అక్కడనే నిలుతుము, వెనుకకు మాత్రము పోము అనెను. మూర్ఛగాని, మతిభ్రమగాని, ప్రాణము తీసికొందమను తలంపుగాని వచ్చిన ఓర్చుకొనరాదు, తక్షణమే తన కడకు రావలెనని గట్టిగా చెప్పెను. ఓర్చుకొనవలసినవి యేవో, పరుగెత్తిరావలసినవి యేవో వేఱు చేసి చెప్పిన ఆ మాట మాకు వేయి ఔషధముల పెట్టు.

పిమ్మట ఆమె అక్కగారిని ఒక ప్రశ్న యడిగెను: “అమ్మా, ఈ మాత్ర లేకపోతే మీరు చేయాలనుకునే పని ఏమిటి?” అక్కగారు చాలసేపు ఆలోచించి, “తెల్లవారకముందే లేచి గుడికి పూలమాల కట్టి ఎన్నేళ్ళయిందో!” అనెను. మాత్ర మత్తులో ఆమె ఎనిమిదేండ్లుగా సూర్యోదయము చూచి యెఱుగదు.

ఆ తరువాతి పదునాలుగు మాసములు సుఖముగా గడచినవని చెప్పను. మూడవ మెట్టున ఇరువది దినములు ఆమెకు గంటన్నరకు మించి నిద్రలేదు. ఒక రాత్రి “నా వల్ల కాదురా తమ్ముడూ, మాత్ర తెచ్చివ్వు” అని యేడ్చెను. నేను లేచితిని. ధైర్యబోధ చేయుదునేమో యని నాకే భయమై, ఊరక ప్రక్కన కూర్చుంటిని. “ఎక్కడ వణుకుతోంది అక్కయ్యా?” అని యడిగితిని. మోకాళ్ళలోననెను. ఎంతవఱకు వచ్చినది, పైకి ప్రాకుచున్నదా, చల్లగనున్నదా, వేడిగనున్నదా యని వైద్యురాలు నేర్పినట్లు ఒక్కొక్కటి యడుగుచుంటిని. ఆమె చెప్పుచుండెను. వణకు పోలేదు. కాని కొంతసేపటికి ఆమె దానిని చుట్టము వలె మాటలాడించుట మొదలుపెట్టెను: “వచ్చావా? ఆ మూల కూర్చో. నాకు పని ఉంది.” నాలుగు గంటలకు లేచి, వణకుచేతులతోనే నందివర్ధనములు కోసి మాల కట్టెను. ముడులు వదులై సగము పూలు దారిలోనే రాలిపోయినవి.

ఆనాటి నుండి మాల తప్పలేదు. నిద్ర మాత్రము తన యిష్టమున వచ్చుచు పోవుచు, ఏడాది దాటిన తరువాత నెమ్మదిగా కుదుటపడెను. ఇప్పటికిని కొన్ని రాత్రులు మెలకువతోనే తెల్లవాఱును. ఆమె దానిని గూర్చి మాటలాడదు.

కడపటి మెట్టు దిగిన నెలకు డబ్బాలో నాలుగు పావుముక్కలు మిగిలియుండెను. అక్కగారు ఆ డబ్బాను నా చేతికిచ్చి, “ఇప్పుడు పారేయి. పెంటమీద కాదు, ఏ కోడైనా తింటుంది. డాక్టరమ్మకే ఇచ్చి రా,” అనెను. మఱునాటి మొదటి బస్సుకు పోయి ఇచ్చి వచ్చితిని.